ఒకే మియాటా వారమంతా ఆఫీసుకు, శనివారం ట్రాక్‌కు: డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్నలో ఉన్న వివరాలు ఇవి. చూసి పెట్టుకున్నది 2003 ఎన్‌బీ (రెండో తరం) మియాటా, అంటే మాజ్దా వాళ్ల రెండు సీట్ల ఓపెన్ కారు. తిరిగింది 1,10,000 మైళ్లు. వారమంతా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి ఆఫీసుకు, నెలకోసారి థండర్‌హిల్ ట్రాక్‌కో లగూనా సెకా ట్రాక్‌కో వెళ్లాలని ఆలోచన. ముందు ఇంజిన్ శక్తి పెంచే టర్బో కిట్ వెయ్యాలా, కాయిల్‌ఓవర్లు (ఎత్తు సర్దుకోగల స్ప్రింగు, షాక్‌ల సెట్) వెయ్యాలా అని సందేహం. రెండూ మొదటి ఏడాది పనులు కావు. ముందు కూలింగ్, వెంటనే బ్రేకులు, రోల్ బార్ (బండి బోర్లా పడితే తలను కాపాడే ఉక్కు గొట్టం). తర్వాతే టైర్లు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సర్దడం). ట్రాక్ మీద ఈ బండిలో ఏది ముందు చేతులెత్తేస్తుందో ఆ వరసే ఇది.

రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేది ఎంతసేపు? ఫ్రీవే ఎక్కేటప్పుడు ఓ పది సెకన్లు. ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్‌లో పెడల్ చాలాసేపు నేలకే అంటుకుని ఉంటుంది, ఇంజిన్ 5,000 ఆర్‌పీఎం కిందికి దిగడమే అరుదు. 142 హార్స్‌పవరే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ శక్తిని విడవకుండా వాడితే దాదాపు అంత వేడీ నీళ్లలోకి, ఆయిల్‌లోకి వెళ్తుంది. బండి బరువు సుమారు 1,065 కిలోలే కాబట్టి టైర్లు, బ్రేకులు పెద్ద కార్లలో కంటే చాలా ఎక్కువ కాలం వస్తాయి. తేలిక బండితో ఉన్న లాభమంతా అదే. కానీ ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు, ప్లాస్టిక్ ఆ వేడికి నిలబడవు.

కొనే ముందు ఓ గంట కేటాయించి ఇవి చూడండి. సీట్ల వెనక, టాప్ మడత కింద, రెండు మూలల్లోనూ నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి. ఒక్కోదాంట్లో గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి. వెనక చక్రం ముందు నుంచి కిందికి కారాలి. కారకపోతే ఆ నీళ్లు ఏళ్లుగా డోరు కింది సిల్‌లో నిలిచి లోపల్నుంచి తినేస్తున్నాయని అర్థం. వెనక చక్రానికి ముందున్న సిల్ అడుగును వేలితో గట్టిగా నొక్కితే తెలిసిపోతుంది. బండిని జాక్ మీద లేపి ముందు ఛాసిస్ రైళ్లు కూడా చూడాలి, ఎన్‌బీల్లో అక్కడ తుప్పు పట్టే గుణం ఉంది. పుట్టినప్పటి నుంచి కాలిఫోర్నియాలోనే తిరిగిన బండికి ఈ బెడద తక్కువ, ఉప్పు చల్లే రాష్ట్రాల నుంచి వచ్చిందైతే వదిలెయ్యండి. గేర్‌బాక్స్ పక్కనున్న, క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు కొంచెం పక్కకు లాగి చూస్తే, లోపల తడి ఉందంటే దాని రోజులు దగ్గరపడ్డట్టే. పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్‌తో కలిపి మార్చేయండి, ఒకటి మారిస్తే రెండోది కొన్నాళ్లకే కారడం మొదలుపెడుతుంది. టైమింగ్ బెల్ట్ 60,000 మైళ్లకు మార్చాలి. 1,20,000 మైళ్ల బెల్ట్ మీకు దగ్గర్లోనే ఉంది. మొదటిది మార్చినట్టు రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని, వాటర్ పంప్, టెన్షనర్, ముందు సీళ్ల ఖర్చు కూడా కలిపి బేరం ఆడండి.

ఇక కూలింగ్. రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ ట్యాంకు కొత్తప్పుడు నల్లగా ఉంటుంది. వేడికి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు, ఆ తర్వాత పచ్చటి పసుపుకు తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే ట్యాంకు పెళుసెక్కింది, అల్యూమినియంతో అతుక్కున్న చోట ఎప్పుడైనా చీలవచ్చు. రోడ్డు మీద చీలితే టో ట్రక్కుతో పోతుంది. ట్రాక్ మీద చీలితే వెనక వచ్చేవాళ్ల టైర్ల కింద మీ కూలెంట్ పడుతుంది. ఆ మలుపులో బండ్లు తిరగబడితే కారణం మీరే. అందుకే ట్యాంకు రంగు బాగున్నా సరే, మొదటి ట్రాక్ రోజుకు ముందే పూర్తి అల్యూమినియం రేడియేటర్, కొత్త మూత, థర్మోస్టాట్, పైపులన్నీ వేయించండి. ఇంజిన్ వెనక, ఫైర్‌వాల్ దగ్గరుండే హీటర్ గొట్టాలను చాలామంది మర్చిపోతారు. అవీ అంతే పాతవి, పైగా చెయ్యి దూరని చోట ఉంటాయి. మొత్తం ఆరు లీటర్ల కూలెంట్ పడుతుంది. నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తి వేడిలో ఉంచి, మూత తీసి ఇంజిన్ నడిపిస్తే గాలి బుడగలు బయటికి పోతాయి.

బంపర్ కింద ఉండే ప్లాస్టిక్ అండర్‌ట్రే ఉందో లేదో చూడండి. పాత మియాటాల్లో చాలావాటికి అది ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఆ ట్రే లేకపోతే బంపర్ నోట్లోకి వచ్చిన గాలి రేడియేటర్ గుండా పోకుండా కింది నుంచి జారిపోతుంది. నెమ్మదిగా వెళ్తే ఫ్యాన్ కాపాడుతుంది కాబట్టి లోపం బయటపడదు. ఫ్రీవే వేగంలో మాత్రం బండి వేడెక్కుతుంది. కొత్త రేడియేటర్ వేసినా వేడి తగ్గలేదని తల పట్టుకునేవాళ్లలో సగం మందికి జవాబు ఈ ట్రేలోనే ఉంటుంది. బంపర్ నోటికీ రేడియేటర్‌కూ మధ్య పక్కల్లో ఉన్న ఖాళీలను ఫోమ్‌తో మూసేయండి, ఖర్చు పది డాలర్లు.

మాజ్దా ఈ ఇంజిన్‌ను మొదట ముందు చక్రాలు నడిచే 323 కోసం తయారుచేసింది. అందులో వేడినీళ్లు హెడ్ (ఇంజిన్ పైభాగం) వెనక చివరి నుంచి బయటికి పోయేవి. మియాటాలో ఇంజిన్‌ను బండి పొడవునా పెట్టినప్పుడు ఆ దారిని ముందుకు మార్చారు. ఫలితంగా నీళ్లు వచ్చేదీ పోయేదీ ముందు నుంచే అయ్యాయి, వెనకున్న నాలుగో సిలిండర్‌కు ప్రవాహం పలచబడింది. నీళ్ల దారిని మళ్లీ వెనక్కు తిప్పే కిట్లను రీరౌట్ అంటారు. 2001 నుంచి వచ్చిన బండ్లలో హెడ్ గాస్కెట్ రంధ్రాలు మార్చి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. మీలాంటి టర్బో లేని బండికి మంచి రేడియేటర్, సరైన గాలి దారి ఉంటే రీరౌట్ అక్కర్లేదు.

డాష్‌బోర్డులోని టెంపరేచర్ ముల్లును నమ్ముకోవద్దు. అది మధ్యకు వచ్చి కూర్చున్నాక చాలా డిగ్రీలు పెరిగినా కదలదు, కదిలేసరికి పరిస్థితి చెయ్యి దాటి ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు సంగతి ఇంకా అన్యాయం. 1995 నుంచి వచ్చిన బండ్లలో అది కొలిచే మీటరే కాదు, ప్రెషర్ ఉందా లేదా అని చెప్పే స్విచ్‌కు తగిలించిన ముల్లు. నీళ్ల వేడికి సులువైన మార్గం ఉంది. స్టీరింగ్ కింది ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటర్ వివరాలు చదివే ప్లగ్) ఇరవై డాలర్ల బ్లూటూత్ పరికరం పెట్టి ఫోన్‌లో చూసుకోవచ్చు. 88 నుంచి 98 డిగ్రీల సెల్సియస్ వరకు మామూలే. 105 దాటితే ఒక ల్యాప్ నెమ్మదిగా తిప్పండి, హీటర్ పూర్తిగా తెరవండి. టాప్ తీసి ఉంటుంది కాబట్టి ఆ వేడి భరించవచ్చు. 110 చూపిస్తే పిట్‌లోకి వచ్చేయాలి. జూలైలో థండర్‌హిల్ ఉన్న విల్లోస్‌లో 40 డిగ్రీల ఎండ కొత్త కాదు. వీలైతే మొదటి రోజును అక్టోబరు, మార్చి మధ్య పెట్టుకోండి. ఆయిల్ ప్రెషర్‌కు మాత్రం విడిగా నిజమైన మీటర్, సెన్సర్ పెట్టించుకోవడమే దారి.

ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి సుమారు నాలుగు లీటర్లు. ట్రాక్‌కు 5డబ్ల్యూ-40 గానీ 10డబ్ల్యూ-40 గానీ వాడండి, డిప్‌స్టిక్ మీద ఫుల్ గీత దగ్గర ఉంచండి. పొడవాటి మలుపుల్లో ఆయిల్ సంప్‌లో (ఇంజిన్ అడుగు తొట్టిలో) ఒక పక్కకు ఒరుగుతుంది, మట్టం తక్కువుంటే పంప్ గాలి పీలుస్తుంది. ప్రతి సెషన్ తర్వాత చూడటం అలవాటు చేసుకోండి. లక్ష మైళ్లు దాటిన ఇంజిన్ ఒక రోజులో అర లీటరు తాగినా ఆశ్చర్యం లేదు.

బ్రేకుల దగ్గర ముందు ఫ్లూయిడ్. పెద్ద కాలిపర్ల కిట్ జోలికి పోకండి. మామూలు డాట్ 3 ఫ్లూయిడ్‌కు కొత్తప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140. రెండు మూడేళ్లుగా మార్చని ఫ్లూయిడ్‌తో థండర్‌హిల్‌లో నాలుగు ల్యాప్‌లు గట్టిగా తిరిగితే కాలిపర్ దగ్గర అది మరుగుతుంది. ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుంది కాబట్టి పెడల్ మెత్తగా నేలకు దిగుతుంది, బండి ఆగదు. రేసింగ్ డాట్ 4లో మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది 312 డిగ్రీల దాకా మరగదు. ఒక లీటరుతో వ్యవస్థ మొత్తం కడిగి నింపవచ్చు. వరస: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. పెడల్ తొక్కి గాలి తీసేటప్పుడు పెడల్ కింద చెక్క దిమ్మ పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఎన్నడూ పోని చివరి భాగం తుప్పు పట్టి గరుకుగా ఉంటుంది, పెడల్‌ను నేల దాకా తొక్కితే సీళ్లు అక్కడ గీసుకుని చిరుగుతాయి. బాగున్న సిలిండర్ మీ చేతుల మీదే పోతుంది. ఈ ఫ్లూయిడ్ తేమను త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి ఆరు నెలలకోసారి మార్చాలి.

ప్యాడ్లు రెండు జతలు ఉంచుకోండి. ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, కీచుమంటాయి, వాటి పొడి చక్రాల మీద పడి తినేస్తుంది. సోమవారం ఉదయం 880 ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో అవి పనికిరావు. రోడ్డు ప్యాడ్లు ట్రాక్ మీద పదో నిమిషానికే పట్టు వదిలేస్తాయి. మార్చడం సులువే. ముందు కాలిపర్లు ఒక్కోదానికి పది నిమిషాలు. వెనక పిస్టన్‌ను క్లాంపుతో నొక్కి వెనక్కు పంపాలని చూడకండి, లోపలి హ్యాండ్‌బ్రేక్ యంత్రాంగం పాడవుతుంది. కాలిపర్ వెనకున్న 14 మి.మీ. బోల్టు తీస్తే లోపల 4 మి.మీ. అలెన్ కీ పట్టే స్క్రూ కనిపిస్తుంది. దాన్ని అపసవ్యంగా తిప్పితే పిస్టన్ వెనక్కి పోతుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక డిస్క్ బిగుసుకునే దాకా సవ్యంగా తిప్పి, మూడో వంతు చుట్టు వెనక్కి వదలండి. అదే పూటలో స్లైడ్ పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. వెనక పిన్నులు పట్టేయడం ఈ బండ్లకు పాత జబ్బు. ఒక ప్యాడ్ అరిగి రెండోది కొత్తగా ఉందంటే అదే కారణం. డిస్కులు మామూలువే చాలు, రంధ్రాలున్నవి ట్రాక్ వేడికి రంధ్రాల చుట్టూ చీలుతాయి.

రోల్ బార్ గురించి బేరసారాలు లేవు. మియాటాలో డ్రైవర్ తల కంటే ఎత్తున ఉన్నది ముందు అద్దం ఫ్రేము ఒక్కటే, బండి బోర్లా పడితే అది బరువు మోయదు. ప్లాస్టిక్ హూప్‌లు, స్టైల్ బార్‌లు అలంకారాలు. నాలుగు చోట్ల పెద్ద ప్లేట్లతో బోల్టు చేసే, అడ్డంగా వాలు గొట్టం ఉన్న బార్ కావాలి. చాలా క్లబ్బులు చీపురు కర్ర పరీక్ష చేస్తాయి. మీరు హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించుకుని కూర్చున్నాక, బార్ పైనుంచి ముందు అద్దం పైఅంచు వరకు తిన్నటి కర్ర పెడతారు. హెల్మెట్ దానికి కనీసం రెండు అంగుళాలు కింద ఉండాలి. మీరు ఆరడుగులకు దగ్గరగా ఉంటే అసలు సీటుతో ఈ పరీక్షలో తప్పుతారు. సీటు కవర్ విప్పి కింది ఫోమ్‌ను కత్తిరిస్తే ఒక అంగుళం పైన దిగుతారు. అదీ చాలకపోతే పలుచటి బకెట్ సీటు. బార్ కొనేముందే సీటు సంగతి తేల్చుకోండి. తప్పు ఎత్తు బార్ కొని మళ్లీ అమ్ముకోవడం మామూలుగా జరిగే నష్టం.

రోజూ ఆఫీసుకు వెళ్లే బండి కాబట్టి ఇంకో మాట. రోడ్డు మీద తలకు హెల్మెట్ ఉండదు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే సీటు వెనక్కి వంగి తల ఆ ఉక్కు గొట్టానికి తగలగలదు. తల తగిలే వీలున్న ప్రతి చోటా ఎస్‌ఎఫ్ఐ 45.1 (రేసింగ్ భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్న గట్టి ప్యాడింగ్ వేయించండి, మెత్తటి స్పాంజ్ గొట్టాలు పనికిరావు. తల బార్‌కు మరీ దగ్గరగా వస్తుంటే సీటు మార్చందే రోడ్డు మీద తిప్పకండి. రేసింగ్ హార్నెస్ ఇప్పుడే వద్దు. అది ఒంటిని నిటారుగా కట్టేస్తుంది కాబట్టి దాంతోపాటు సరైన సీటు, మెడను కాపాడే హాన్స్ లాంటి పరికరం కూడా ఉండాలి. చాలా క్లబ్బులు పక్కన కూర్చునే ఇన్‌స్ట్రక్టర్‌కూ అదే స్థాయి బెల్టు అడుగుతాయి. మొదటి ఏడాది కంపెనీ త్రీ పాయింట్ బెల్టే చాలు. హెల్మెట్ మీద కార్ రేసింగ్‌కు స్నెల్ సంస్థ ఇచ్చే ఎస్‌ఏ ముద్ర ఉండాలి, మోటార్‌సైకిళ్లకు ఇచ్చే ఎమ్ ముద్రను చాలాచోట్ల ఒప్పుకోరు. ఓపెన్ కారు కాబట్టి ముఖం మొత్తం మూసే రకం తీసుకోండి.

టైర్ల విషయంలో 2003 బండికి వచ్చే 16 అంగుళాల చక్రాల కంటే 15 అంగుళాలవి మేలు, ఎంపిక ఎక్కువ, ధర తక్కువ. 205/50 ఆర్15లో 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె, తక్కువైతే పట్టు ఎక్కువ) రకం ఒకటే సెట్ రోడ్డుకూ ట్రాక్‌కూ వాడుకోండి. విడి ట్రాక్ టైర్లు కొనాలని ఉంటుంది గానీ, నాలుగు చక్రాలు ఈ బండిలో పట్టవు, చిన్న ట్రైలర్ కావాలి. చల్లగా ఉన్నప్పుడు 26 పీఎస్ఐతో మొదలుపెట్టి, సెషన్ అయ్యీ అవ్వగానే కొలవండి. 32 దగ్గర ఉంటే బాగున్నట్టు. అంతకు మించితే వేడిగా ఉండగానే గాలి కొంచెం వదిలేయండి, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపండి. వాన కాలంలో ఈ టైర్లు సగానికి పైగా అరిగాక ఫ్రీవే మీద నిలిచిన నీళ్లలో తేలిపోతాయి, జాగ్రత్త. చక్రాల నట్లు 21 మి.మీ., బిగింపు 80 పౌండ్-ఫుట్, అంటే సుమారు 108 ఎన్ఎం. మొదటి సెషన్ తర్వాత చక్రం చల్లారాక మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి.

అలైన్‌మెంట్‌కు కొత్త సస్పెన్షన్ అక్కర్లేదు. నాలుగు చక్రాలకూ తిప్పితే కోణం మారే ఎక్సెంట్రిక్ బోల్టులతో క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), టో (చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరగడం) సర్దుకునే వీలు కంపెనీయే ఇచ్చింది. ముందు క్యాంబర్ మైనస్ 2 డిగ్రీలు లేదా బోల్టులు ఇచ్చినంత, టో సున్నా. వెనక మైనస్ 2, రెండు చక్రాలూ కలిపి 2 నుంచి 3 మి.మీ. టో-ఇన్. కంపెనీ ఎత్తులో ముందు మైనస్ ఒకటిన్నర దాకానే రావచ్చు, ఫర్వాలేదు. మీ బరువంత బరువు డ్రైవర్ సీట్లో పెట్టించి చేయించండి. బోల్టులు బుష్ లోపలి గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయి ఉండవచ్చు. వారం ముందు నుంచీ రోజూ తుప్పు వదిలించే నూనె కొట్టండి. కదలకపోతే కోసి కొత్తవి వేయాల్సిందే. కాయిల్‌ఓవర్లను రెండో ఏట చూడవచ్చు. అప్పుడైనా చౌకవి వేసి నేలకు దించకండి. వెనక సస్పెన్షన్ ప్రయాణం ఈ బండికి తక్కువే, మరీ దించితే ఎప్పుడూ బంప్ స్టాపుల (చివర తగిలే రబ్బరు అడ్డుల) మీదే కూర్చుని ప్రతి గతుకులోనూ ఎగురుతుంది. ముందు సిల్ కింది అంచు నేలకు సుమారు ఐదు అంగుళాల ఎత్తు కంటే తగ్గకూడదు.

ట్రాక్ రోజున పూర్తి ట్యాంకుతో మొదలుపెట్టండి. పావు ట్యాంకు కిందికి దిగితే పొడవాటి మలుపుల్లో పెట్రోలు పక్కకు పోయి ఇంజిన్ తడబడుతుంది. సెషన్ చివరి ల్యాప్ బ్రేకు దాదాపు ముట్టుకోకుండా తిరగండి, గాలికి డిస్కులు చల్లారతాయి. ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన బండ్లు నిలిపే చోట) ఆపాక హ్యాండ్‌బ్రేక్ వెయ్యకూడదు. వేడి డిస్కుకు ప్యాడ్ అంటిపెట్టుకుని ఆ వేడంతా ఫ్లూయిడ్‌లోకి ఎక్కుతుంది. మొదటి గేరులో ఉంచి చక్రానికి అడ్డు పెట్టండి. డిక్కీలోని బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా చూడండి. అది ఏజీఎం (ఆమ్లం ఒలకని మూసిన) రకం, గాలి గొట్టం బయటికి ఉన్నది అయ్యుండాలి, మామూలు బ్యాటరీ పెడితే ఆమ్లపు ఆవిరి డిక్కీ రేకును తినేస్తుంది. ముందు చక్రాలను పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. పట్టున్న టైర్లతో హబ్ బేరింగులు త్వరగా అరుగుతాయి, ఆట కనిపిస్తే ఆ రోజుకు బండి పక్కన పెట్టేయాలి.

ఇన్సూరెన్స్ పాలసీ కాగితం తీసి చదవండి. రేసులనే కాదు, ట్రాక్ మీద ఏ డ్రైవింగ్ అయినా వర్తించదని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. రోజు లెక్కన దొరికే ట్రాక్ డే పాలసీలు బండి నష్టానికి వస్తాయి గానీ, మీరు గుద్దిన ట్రాక్ గోడ బాగుచేసిన ఖర్చుకు, ఎదుటివాళ్ల నష్టానికి సాధారణంగా రావు. బండి పోతే పోనీ అనుకోగలిగిన ధరలో కొనడం ఈ కారణంగానే మంచిది. లగూనా సెకాలో చాలా రోజులు 90 డెసిబెల్స్ పరిమితి ఉంటుంది, కంపెనీ సైలెన్సర్ ఉంచుకుంటే ఆ బాధ లేదు.

ఇండియాకు తిరిగి వచ్చేటప్పుడు ఈ బండిని తెచ్చుకోవచ్చా అని కూడా అడిగారు. కుదరదు. వాడిన కారు దిగుమతికి మూడేళ్ల లోపు వయసు, కుడివైపు స్టీరింగ్ ఉండాలి. రెండూ దీనికి లేవు. కోయంబత్తూరు కారి స్పీడ్‌వేకో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో ఏ బండితో వెళ్లినా ఫ్లూయిడ్, కూలెంట్ గురించి పైన చెప్పినవన్నీ ఆ ఎండల్లో ఇంకా ఎక్కువ వర్తిస్తాయి.

చివరగా టర్బో. అది ఇచ్చే ప్రతి హార్స్‌పవర్‌తో పాటు కూలింగ్ మీద వేడి పెరుగుతుంది. రీరౌట్, ఇంకా పెద్ద రేడియేటర్, ఆయిల్ కూలర్, క్లచ్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ట్యూనింగ్ అన్నీ వెంట వస్తాయి. కాలిఫోర్నియాలో రెండేళ్లకోసారి స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్ష ఉంది. కిట్‌కు మీ మోడల్ సంవత్సరానికి వర్తించే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు (రాష్ట్ర కాలుష్య బోర్డు అనుమతి) లేకపోతే కళ్లతో చూసే తనిఖీలోనే ఆగిపోతుంది, ప్రతిసారీ విప్పి మళ్లీ బిగించుకోవాలి. అమ్మేవాళ్లను ముందు ఆ నంబరు అడగండి, 2003 అని రాసి ఉందో లేదో కాగితం మీద చూసుకోండి.